కారుకు సరైన కూలెంట్ ఎంచుకోవడం ఎలా: రంగు వదిలేయండి, డబ్బా వెనక చదవండి

స్పేర్ పార్టుల షాపులో కూలెంట్ (ఇంజిన్ వేడిని మోసుకెళ్లి చల్లబరిచే ద్రవం) అడిగితే కౌంటర్ అవతలి నుంచి వచ్చే మొదటి మాట "ఏ కలర్ సార్?" మనమూ ట్యాంకులో చూసిన రంగు గుర్తు తెచ్చుకుని పచ్చదో ఎర్రదో చెప్పేస్తాం. ఆయన ఆ రంగు డబ్బా తీసి ముందు పెడతాడు. బేరం రెండు నిమిషాల్లో అయిపోతుంది. చిక్కేమిటంటే కూలెంట్‌లో రంగు అనేది తయారీదారు కలిపే డై మాత్రమే. లీకైతే ఎక్కడ కారుతోందో కనిపించాలని, ఎవరూ మంచినీళ్లని పొరబడకూడదని కలుపుతారు. ఫలానా రంగులో ఫలానా రసాయనమే ఉండాలని కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న కట్టుబాటేమీ లేదు.

హోండా టైప్ 2 కూలెంట్ నీలంగా ఉంటుంది. బీఎండబ్ల్యూ చాలా ఏళ్లు వాడిన జి48 రకమూ నీలమే. తుప్పు పట్టకుండా కలిపే లవణాల్లో మొదటి దాంట్లో ఫాస్ఫేట్ ఉంటుంది, సిలికేట్ ఉండదు. రెండోది దానికి సరిగ్గా తలకిందులు. ఒకే కంపెనీ సరుకులోనూ తికమక తప్పదు. టొయోటాలో ఎర్రటి లాంగ్ లైఫ్ కూలెంట్ నీళ్లు కలుపుకోవాల్సిన కాన్సంట్రేట్. గులాబీ రంగు సూపర్ లాంగ్ లైఫ్ కూలెంట్ సగానికి సగం నీళ్లు కలిపే వస్తుంది. వెలుతురు లేని షెడ్డులో ఈ రెండు రంగుల తేడా పట్టుకోవడం కష్టం. పొరబడి గులాబీ దానికి మళ్లీ సగం నీళ్లు పోశారంటే అసలు సరుకు పావు వంతే మిగులుతుంది.

కాబట్టి షాపుకు వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని కొంత ఉంది.

1. మాన్యువల్ తీసి మూడు సంగతులు రాసుకోండి

డాష్‌బోర్డు అరలో పాత ఇన్సూరెన్స్ కాగితాల కింద నలిగిపోతున్న ఓనర్స్ మాన్యువల్ బయటికి తీయండి. పోగొట్టుకుని ఉంటే చాలా కంపెనీలు తమ సైట్లో పీడీఎఫ్ పెడుతున్నాయి. వెనక పేజీల్లో స్పెసిఫికేషన్స్ దగ్గర కూలెంట్ రకం, మొత్తం ఎన్ని లీటర్లు పడుతుంది, ఎప్పుడు మార్చాలి అన్నవి ఉంటాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే షాపులో చూపించడానికీ పనికొస్తుంది.

రకం గురించి రాసే తీరు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకైతే జి13, జి12 ఈవో లాంటి పేరు, పక్కనే టీఎల్ 774 అని మొదలయ్యే నంబర్ ఉంటుంది. జి12 ఈవోకి ఆ నంబర్ చివర ఎల్ అనే అక్షరం వస్తుంది. అదే అక్షరం డబ్బా మీదా కనిపించాలి. టొయోటా వాళ్లు ఏం ఉండకూడదో చెబుతారు: సిలికేట్, అమైన్, నైట్రైట్, బోరేట్ లేని ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్ కావాలంటారు. హ్యుందాయ్ పెట్రోల్, డీజిల్ కార్ల మాన్యువళ్లలో చాలావాటిలో అల్యూమినియం రేడియేటర్‌కు ఫాస్ఫేట్ ఆధారిత కూలెంట్ అని ఉంటుంది. చదవగానే బుర్ర తిరిగినా ఫరవాలేదు, ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాసుకోండి. డబ్బా వెనక వెతకాల్సింది దాన్నే.

గడువు విషయంలో పాత లెక్కలు మనసులోంచి తీసేయాలి. రెండేళ్లకో 40 వేల కిలోమీటర్లకో మార్చడం పాత పచ్చ కూలెంట్ల నాటి మాట. గులాబీ రంగు టొయోటా కూలెంట్‌కి చాలా మోడళ్లలో మొదటి మార్పు 1,60,000 కిలోమీటర్లకు, ఆ తర్వాత ప్రతి 80,000కి. హోండా టైప్ 2కి మొదట 2 లక్షల కిలోమీటర్లు లేదా పదేళ్లు, తర్వాత లక్ష కిలోమీటర్లు లేదా ఐదేళ్లు. రెండోసారి నుంచి గడువు సగానికి తగ్గడం చూశారా? ఎంత కడిగినా పాతది కొంత లోపల మిగిలిపోతుంది, దాని లెక్క అది. సర్వీసుకి వెళ్లిన ప్రతిసారీ "కూలెంట్ కూడా మార్చేద్దాం సార్" అంటే ఈ పేజీ చూపించండి.

2. రకాల సంగతి కాస్త తెలుసుకోండి

దాదాపు అన్ని కార్ల కూలెంట్లలో ప్రధాన సరుకు ఒక్కటే, ఎథిలీన్ గ్లైకాల్. నీళ్లలో కలిస్తే గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికీ మరిగే ఉష్ణోగ్రతను పైకీ నెడుతుంది. తేడా అంతా అందులో కొద్ది శాతం ఉండే, తుప్పు పట్టకుండా కాపాడే మందుల్లో ఉంది. డబ్బుకు విలువ ఆ కొద్ది శాతానికే.

ఐఏటీ అనే పాత రకంలో సిలికేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు లోహం మీద త్వరగా పొర కడతాయి, అంతే త్వరగా ఖర్చయిపోతాయి. గడువు తక్కువ ఉండేది అందుకే. అంబాసిడర్, పద్మిని కాలం నాటి రాగి, ఇత్తడి రేడియేటర్లకు, సీసం టంకం ఉన్నవాటికి ఇదే నప్పుతుంది. పాత కారును ముచ్చటగా ఉంచుకున్నవాళ్లు కొత్త రకాల జోలికి పోకపోవడమే మంచిది.

ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్ టెక్నాలజీ) రకంలో ఆర్గానిక్ ఆమ్లాలు ఉంటాయి. తుప్పు మొదలయ్యే చోటే పనిచేస్తాయి కాబట్టి నెమ్మదిగా ఖర్చవుతాయి, ఏళ్ల తరబడి నిలుస్తాయి.

ఈ రెండూ కలిపినవి హైబ్రిడ్ రకాలు. ఇవాళ రోడ్డు మీదున్న చాలా కార్లు వీటి కిందికే వస్తాయి. ఇందులో మళ్లీ రెండు దారులు. యూరప్‌లో చాలా చోట్ల నీళ్లు గట్టివి, క్యాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఫాస్ఫేట్ వాటితో కలిస్తే పెచ్చులా పేరుకుంటుంది కాబట్టి అక్కడి కంపెనీలు దాన్ని వద్దనుకుని సిలికేట్ వైపు వెళ్లాయి. జపాన్ వాళ్లకు సిలికేట్ వాటర్ పంపు సీలును అరగదీస్తుందన్న అనుమానం. వాళ్లు ఫాస్ఫేట్ పట్టుకున్నారు, కొరియా కంపెనీలూ ఆ దారే. మన ఇంట్లో ఫోక్స్‌వ్యాగన్ ఒకటి, మారుతీయో హోండానో ఇంకొకటి ఉంటే ఒకే డబ్బాతో రెండింటికీ సరిపెట్టడం కుదరనిది ఇందుకే.

యూరప్ వాళ్లు ఫాస్ఫేట్‌కి భయపడిన కారణం మన బోరు నీళ్లకూ అక్షరాలా వర్తిస్తుంది. ఆ మాట నీళ్ల దగ్గర చెబుతాను.

లారీలు, బస్సులకు వాడే హెవీ డ్యూటీ కూలెంట్లు వేరు. చాలావాటిలో పెద్ద డీజిల్ ఇంజిన్ల లైనర్లకు (పిస్టన్ కదిలే గొట్టాలకు) గుంటలు పడకుండా నైట్రైట్ కలుపుతారు. ట్రాన్స్‌పోర్టులో పనిచేసే బావమరిది ఐదు లీటర్ల క్యాను ఊరికే తెచ్చిచ్చినా కారులో పోయకండి.

ఎలక్ట్రిక్ కార్లకైతే సొంత తెలివి అసలు పనికిరాదు. కొన్నింటిలో బ్యాటరీ దగ్గర కరెంటును అతి తక్కువగా ప్రవహింపజేసే ప్రత్యేక కూలెంట్ ఉంటుంది. దాంట్లో మామూలుది కలిస్తే రక్షణ పోతుంది. కంపెనీ చెప్పినదే, కంపెనీ దగ్గరే. ఇన్నోవా హైక్రాస్ లాంటి హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ ట్యాంకుతో పాటు ఇన్వర్టర్‌కి విడిగా ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. లెవెల్ చూసేటప్పుడు దాన్ని మర్చిపోవద్దు.

3. ట్యాంకులో ఇప్పుడు ఏముందో తేల్చుకోండి

కారు మొదటి నుంచీ మీదే, కంపెనీ సర్వీసులోనే మార్పించారు అంటే బిల్లు చూస్తే తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారు అయితే అమ్మినవాడి మాట వినండి గానీ నమ్మకండి. రికార్డు లేని కారులో ఏది కలిపినా అంచనా మీద కలిపినట్టే. అలాంటప్పుడు పైపైన పోయకుండా మొత్తం తీసి, కడిగి, కొత్తది నింపడమే దారి.

వేర్వేరు రకాలు కలిస్తే ఇంజిన్ అప్పటికప్పుడు ఆగిపోదు. ఎక్కువసార్లు జరిగేది, మందులు ఒకదాన్నొకటి దెబ్బతీసుకుని ఐదేళ్లు రావాల్సిన కూలెంట్ రెండేళ్లకే చచ్చుబడటం. కొన్ని కలయికల్లో మాత్రం జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్నటి గొట్టాల్లో ఇరుక్కుంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి టార్చ్ వేసి చూడండి. రంగు ఏదైనా సరే, అద్దంలా తేటగా ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే తుప్పు. అడుగున బురద కనిపిస్తే కలగలుపు అయినట్టు. పైన నూనె తెట్టు తేలుతుంటే కొత్త కూలెంట్ కొనే ఆలోచన పక్కన పెట్టి నూనె కూలెంట్‌లోకి కారే చోట్లయిన హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ కూలర్ చూపించుకోండి.

చల్లారాక అన్నది గట్టిగా పట్టుకోవాల్సిన మాట. సగం కూలెంట్, సగం నీళ్లు ఉన్న 1:1 మిశ్రమం బయట 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అదే 1 బార్ ఒత్తిడి పట్టే మూత కింద 125 దాటినా మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పారంటే ఒత్తిడి పోయి ఆ ద్రవం అంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. గుడ్డ వేసి తీస్తే ఏం కాదనే ధైర్యం పనికిరాదు.

4. షాపులో డబ్బా తిప్పి చూడండి

ముందు వైపు మంచుకొండలు, రేసు కార్లు, పెద్ద అక్షరాల్లో "యూనివర్సల్" అన్న మాట ఉంటాయి. మీకు కావాల్సింది వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన దగ్గర మంచి డబ్బాల మీద తరచూ కనిపించే ప్రమాణాలు మూడు: భారత ప్రమాణం ఐఎస్ 5759, జపాన్‌ది జేఐఎస్ కె 2234, అమెరికాది ఏఎస్‌టీఎం డి 3306. వీటిలో ఒక్కటీ లేని డబ్బాను ఎంత చవకైనా అక్కడే వదిలేయండి. ఇవి ఉన్నా సరిపోయినట్టు కాదు, ఇవి కనీస అర్హత మాత్రమే. మాన్యువల్‌లో రాసుకున్న వాక్యంతో రకం కుదరాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకైతే ఆ టీఎల్ నంబర్ అక్షరంతో సహా ఉండాలి.

తర్వాత అది కాన్సంట్రేటా, నీళ్లు ముందే కలిపిన రెడీ టు యూజా చూడండి. ఒక లీటరు కాన్సంట్రేట్ 1:1లో రెండు లీటర్లు అవుతుంది కాబట్టి ధర చూసేటప్పుడు ఆ లెక్కన చూడాలి. ఎక్కడో మూల "రేడియేటర్ వాటర్" అని రాసి ఉన్న రంగు నీళ్లను కూలెంట్ పేరుతో అంటగట్టడమూ మామూలే.

డబ్బా మీద అనుమానం ఉంటే ఇంటికెళ్లాక ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. తర్వాత పారేయగలిగే ప్లాస్టిక్ గ్లాసు తీసుకుని 200 మిల్లీలీటర్ల దగ్గర గీత పెట్టండి. ముందు డిస్టిల్డ్ వాటర్ ఆ గీత దాకా పోసి కిచెన్ కాటాలో తూకం వేయండి. గ్లాసు బరువు తీసేస్తే 200 గ్రాములు చూపిస్తుంది. అది పారబోసి తుడిచి కూలెంట్ అదే గీత దాకా పోయండి. గ్లైకాల్ నీళ్లకంటే బరువు. సగానికి సగం ఉన్న అసలు సరుకైతే 214 గ్రాముల చుట్టుపక్కల తూగాలి. 207 వచ్చిందంటే పావు వంతే ఉన్నట్టు. 200, 201 దగ్గరే ఆగిపోతే మీరు రంగు నీళ్లు కొన్నారు. మందులు ఎలాంటివో ఈ తూకం చెప్పదు, పచ్చి మోసాన్ని మాత్రం బయటపెడుతుంది. ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

5. నీళ్ల దగ్గర పిసినారితనం వద్దు

కాన్సంట్రేట్ కొన్నవాళ్లకే ఈ మాట. కలపాల్సింది డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీళ్లు. బ్యాటరీ షాపుల్లో ఐదు లీటర్ల క్యానుల్లో దొరుకుతాయి, కొనేటప్పుడు సీలు చూసుకోండి. బోరు నీళ్లలోని క్యాల్షియం, మెగ్నీషియం వేడికి విడిపోయి గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పెచ్చు లాంటిదే ఇంజిన్ లోపలి గోడల మీద కట్టేస్తుంది. లోహంలోని వేడి కూలెంట్‌కి అందదు. జపాన్, కొరియా రకం కూలెంట్‌లో బోరు నీళ్లు పోస్తే అందులోని ఫాస్ఫేట్ కూడా వీటితో కలిసి పెచ్చుగా మారుతుంది. అంటే పైపులూ మూసుకుపోతాయి, మందూ ఖర్చయిపోతుంది.

"మాది ఆర్వో ప్లాంటు నీళ్లు కదా" అంటారు చాలామంది. ఆర్వోలోనూ లవణాలు కొంత మిగులుతాయి, రుచి కోసం మళ్లీ కలిపేవాళ్లూ ఉన్నారు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు చూడటానికి శుభ్రంగానే ఉంటాయి, వాటిలో దుమ్మూ కాయిల్ లోహపు రేణువులూ ఉంటాయి. దారిలో ఇంజిన్ హీటెక్కి వేరే దిక్కులేనప్పుడు ఇంజిన్ చల్లారనిచ్చి తాగే నీళ్ల బాటిల్ పోసుకుని వెళ్లిపోండి, తప్పు లేదు. వారంలో మాత్రం అంతా తీయించి సరిచేయించండి.

పాళ్ల విషయం. ముందు అంకె కాన్సంట్రేట్, వెనకది నీళ్లు. 1:1లో కూలెంట్ మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. 1:2లో మైనస్ 18 వరకు, 1:3లో మైనస్ 12 చుట్టుపక్కల. మాకు రెంటచింతల, రామగుండం ఎండలే గానీ మంచు ఎక్కడిది, పలచగా పోస్తే చాలదా అని అడగొచ్చు. గడ్డకట్టే లెక్కలో చూస్తే చాలు. లంబసింగి చలికి కూడా 1:3 ఎక్కువే. నీళ్లు పెరిగితే వేడి మోసే శక్తీ పెరుగుతుంది. కానీ పలచనయ్యే కొద్దీ తుప్పు మందులూ పలచబడతాయి, మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. అందుకని నా మట్టుకు నేను 1:1 మీదే ఉంటాను. లేబుల్ ఒప్పుకుంటే 1:2 దాకా ఫరవాలేదు. 1:3 చాలా డబ్బాల మీద రాసే ఉంటుంది, అది లీటరుకు ఎన్ని లీటర్లు వస్తాయో చూపించుకునే వ్యాపార లెక్క అని నా అభిప్రాయం. డల్లాస్ నుంచి మినియాపొలిస్‌కి ఉద్యోగం మారిన మనవాళ్లు మాత్రం చలికాలం రాకముందే రిఫ్రాక్టోమీటర్‌తో (పాళ్లు కొలిచే పరికరం) కూలెంట్ పరీక్ష చేయించుకోవాలి. అక్కడ పలచటి కూలెంట్ గడ్డకట్టి వ్యాకోచిస్తే ఇంజిన్ బ్లాకే పగులుతుంది. చలి ఎక్కువని నీళ్లే లేకుండా కాన్సంట్రేట్ నింపడమూ తప్పే. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

6. మీరే మార్చుకుంటే

ఇంజిన్ రాత్రంతా చల్లారాక కింద వెడల్పాటి టబ్బు పెట్టి రేడియేటర్ డ్రెయిన్ ప్లగ్గో కింది హోస్ పైపో విప్పండి. రేడియేటర్ ఖాళీ అయినా ఇంజిన్ బ్లాకులో, హీటర్ పైపుల్లో చాలానే ఉండిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకునే వాల్వ్) తెరుచుకుని పై హోస్ పైపు వేడెక్కేదాకా ఇంజిన్ తిప్పండి. మళ్లీ చల్లారనిచ్చి వదలండి. తేటనీళ్లు వచ్చేదాకా ఇదే పని.

ఇప్పుడు చాలామంది దృష్టికి రాని చిక్కు ఒకటుంది. కడిగిన నీళ్లు లోపల మిగిలే ఉన్నాయి. దాని మీద రెడీ టు యూజ్ కూలెంట్ పోస్తే అది అనుకున్నదానికంటే పలచనైపోతుంది. అందుకే కడిగిన ఇంజిన్‌కి కాన్సంట్రేట్ తీసుకోవడం మేలు. మాన్యువల్‌లో కెపాసిటీ 5 లీటర్లని ఉంటే ముందు రెండున్నర లీటర్ల కాన్సంట్రేట్ పోసేయండి, మిగతా ఖాళీ డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. లోపల మిగిలిన నీళ్లతో కలిసి లెక్క 1:1కి వచ్చేస్తుంది. కడగకుండా అదే రకం మారుస్తుంటే రెడీ టు యూజ్ హాయి.

నింపాక మూత తీసి ఉంచి ఇంజిన్‌ను ఐడిల్‌లో తిప్పితే గాలి బుడగలు పైకొస్తాయి. లెవెల్ పడిపోయే కొద్దీ పోస్తూ ఉండండి. గాలి వదలడానికి విడిగా స్క్రూ ఉన్న మోడళ్లలో దాన్ని వదులు చేయాలి. బుడగలు ఆగాక మూత బిగించి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూడండి. గాలిని వ్యాక్యూమ్ పరికరంతోనే తీయాల్సిన కార్లు, కంప్యూటర్ పెట్టి పంపు తిప్పాల్సిన కార్లు ఉన్నాయి. మాన్యువల్ అలా చెబితే ఈ పని వర్క్‌షాపుకి వదిలేయండి.

తీసిన పాత కూలెంట్‌ను కాలవలో, చెట్టు మొదట్లో పారబోయకండి. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. వాకిట్లో కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది, పిల్లలకూ అంతే ప్రమాదం. మూతబిగిసే క్యానులో పోసి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే వర్క్‌షాపును అడిగి అప్పగించండి. కూల్‌డ్రింక్ బాటిల్లో మాత్రం నిల్వ చేయొద్దు.

రెండు మూడు రోజులు నడిపాక, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు చూడండి. లోపల ఇరుక్కున్న గాలి బయటికొచ్చి లెవెల్ కొంత తగ్గడం మామూలే. మిన్, మ్యాక్స్ గీతల మధ్యకు అదే కూలెంట్ అదే పాళ్లలో పోయండి. పేరు, రకం, పాళ్లు, తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బోనెట్ లోపలి వైపు అంటించండి, తర్వాత టాప్ అప్ చేసే మెకానిక్‌కి రంగు చూసి ఊహించే పని తప్పుతుంది. నెల తిరక్కుండా లెవెల్ మళ్లీ పడిపోతే అది ఆవిరైపోయింది అనుకోకండి. మూసి ఉన్న సిస్టమ్‌లో కూలెంట్ ఎక్కడికీ పోదు, ఎక్కడో కారుతోంది. అప్పుడు లీకు ఆపే పొడులు, పాత డ్రైవర్లు చెప్పే పసుపు చిట్కా వేస్తే ముందు మూసుకుపోయేవి హీటర్ కోర్ (కారు లోపలి హీటర్‌లోని చిన్న రేడియేటర్), రేడియేటర్ గొట్టాలు. ఒత్తిడి పెట్టి లీకు పట్టుకునే ప్రెషర్ టెస్ట్ చేయించండి, హోస్ క్లిప్పులు, వాటర్ పంపు, రేడియేటర్ మూత ఈ వరసలో చూడమనండి.